హాజరు పట్టీలో పేరుంటే చాలదు

విశాఖపట్నం పటం ముందేసుకుని చూస్తే, వైకల్యం ఉన్న పిల్లలకు కావలసినవన్నీ ఈ ఊళ్లోనే ఉన్నట్టు కనిపిస్తుంది. వైద్య పరీక్షలకు కింగ్ జార్జి ఆసుపత్రి (కేజీహెచ్) ఉంది. చెవి, ముక్కు, గొంతు వైద్యానికి ఒకటి, ఎముకల వైద్యానికి ఒకటి పెదవాల్తేరులో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. చినవాల్తేరులో మానసిక వైద్యశాల ఉంది, ఊళ్లోనే ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. చూపు లేని ఆడపిల్లలకు ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల, ఉక్కునగరంలో అరుణోదయ ప్రత్యేక పాఠశాల, నౌకాదళ కుటుంబాలు నడిపే సంకల్ప్, మేధో వైకల్యం ఉన్నవారి కోసం లెబెన్‌షిల్ఫే పనిచేస్తున్నాయి. టీచర్లను తయారుచేసే, 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. అన్ని రకాల పిల్లలూ కలిసి ఆడుకునేలా కట్టిన ఆల్ ఎబిలిటీస్ పార్కు కూడా బీచ్ రోడ్డులో ఉంది.

ఇన్ని ఉన్న ఊళ్లో, కంచరపాలెంలోనో అరిలోవలోనో సర్కారు బడిలో నాలుగో తరగతి చదివే, సరిగా వినపడని ఒక పాపకు ఇవాళ్టి లెక్కల పాఠం అందిందా అని అడిగితే చెప్పగలిగేవారు ఆ బడిలో ఉండకపోవచ్చు. పాప బడికి వస్తుంది, హాజరు పడుతుంది, మధ్యాహ్న భోజనం చేస్తుంది, సాయంత్రం ఇంటికెళుతుంది. సర్కారు లెక్కలన్నిటిలోనూ ఆమె చదువుకుంటున్న పిల్లే. వైకల్యం ఉన్న పిల్లలను మిగతా పిల్లలతో కలిపి మామూలు బడిలోనే చదివించే సహిత విద్య గురించి తేల్చుకోవలసిందంతా ఉదయం గంటకీ సాయంత్రం గంటకీ మధ్యనే ఉంది. పిల్లలను బడి గడప దాకా తీసుకురావడం మన వ్యవస్థ కొంతవరకు నేర్చుకుంది. గడప దాటాక వాళ్లకు పాఠం ఎలా చెప్పాలన్న దగ్గర ఆగిపోయింది.

చట్టాల వైపు నుంచి చూస్తే లోటు తక్కువ. వైకల్యం ఉన్న పిల్లలను మామూలు బడుల్లో చేర్చే పథకాన్ని కేంద్రం 1974లోనే మొదలుపెట్టింది. ఆనాటి ఆలోచన ప్రకారం పిల్లవాడే బడికి సరిపోయేలా తయారవ్వాలి. తట్టుకోగలిగితే ఉంటాడు, లేకపోతే ప్రత్యేక పాఠశాలకో ఇంటికో పోతాడు. 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో యునెస్కో సమావేశం దీన్ని తిరగేసి, మారవలసింది బడేనని ప్రకటించింది. వైకల్యం ఉన్నవారి హక్కుల మీద 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం 24వ అధికరణంలో దాన్ని హక్కుగా రాసుకుంది, మన దేశం 2007 అక్టోబరు 1న దాన్ని ధ్రువీకరించింది. 2009 విద్యాహక్కు చట్టాన్ని 2012లో సవరించి ఈ పిల్లలను స్పష్టంగా చేర్చారు. ఆ తర్వాత వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. ఆటిజం, డిస్లెక్సియా లాంటి నేర్చుకోవడంలోని ఇబ్బందులు, తలసేమియా, సికిల్ సెల్ వంటివి అందులో చేరాయి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఇంటి దగ్గరి బడిలో గాని, కోరుకుంటే ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ఎక్కడ చదవాలన్న ఎంపిక పిల్లలది, కుటుంబానిది. బడికి ఆ ఎంపిక లేదు.

అంకెల్లోకి వస్తే, 2011 జనగణన ప్రకారం దేశంలో 19 ఏళ్ల లోపు వైకల్యం ఉన్న పిల్లలు 78.64 లక్షల మంది. 5 నుంచి 19 ఏళ్ల వారిలో నాలుగో వంతుకు పైగా పిల్లలు ఎన్నడూ బడి మొహం చూడలేదు. పదేళ్ల తర్వాత, 2021-22లో దేశంలోని బడుల్లో నమోదైన ప్రత్యేక అవసరాల పిల్లలు 22.67 లక్షలు. ఈ రెండు అంకెలనూ నేరుగా పోల్చకూడదు. వయసుల లెక్క వేరు, వైకల్యాల జాబితా కూడా మధ్యలో మారింది. అయినా జాబితా మూడింతలైన తర్వాత కూడా బడుల లెక్క ఇంత తక్కువగా ఉందంటే, బయట ఉండిపోయినవారితో పాటు బడిలోనే ఉండి ఎవరి కంటా పడనివారూ చాలామంది ఉన్నారని అర్థం. చెవుడు, గుడ్డితనం, నడవలేకపోవడం కంటికి కనిపిస్తాయి. డిస్లెక్సియా ఉన్న పిల్లవాడిని మాత్రం మన బడుల్లో ఇప్పటికీ మొద్దు అనే పిలుస్తారు, చెవి మెలేసి వెనక బెంచీకి పంపుతారు.

ఈ పిల్లలకు సంబంధించి అన్నీ, వైకల్యం ఎంత శాతమో ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ దగ్గరే మొదలవుతాయి. సచివాలయంలోనో మీసేవలోనో స్లాటు పట్టుకోవాలి, ఇచ్చిన తేదీకి ఆసుపత్రికి వెళ్లాలి, డాక్టరు శాతం రాయాలి. పింఛనుకీ బస్సు పాసుకీ రిజర్వేషనుకీ అదే ఆధారం. రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి రూ.6,000 అయింది. పేద కుటుంబానికి ఆ డబ్బు విలువ ఎంతో, అందుకోసం కుటుంబాలు ఎందుకు అంత ఆరాటపడతాయో వేరే చెప్పనక్కర్లేదు. చిక్కు ఎక్కడంటే, సదరం చెప్పేది శాతం మాత్రమే. 55 శాతం వినికిడి లోపం అని కాగితం మీద ఉంటే పంతులుగారికి దాంతో పనేమిటి? ఆ పాప ఏ చెవితో బాగా వింటుంది, పెదాల కదలిక చూసి ఎంత గ్రహిస్తుంది, వినికిడి మిషను రోజంతా పెట్టుకుంటుందా, ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారు అన్న నాలుగు ముక్కలు ఆయనకు కావాలి. వాటిని రాసి బడికి పంపే ఏర్పాటు మన ఆసుపత్రులకీ బడులకీ మధ్య లేదు. సర్టిఫికెట్ ఇంట్లో బీరువాలో ఉంటుంది, తరగతి గదిలో పాప ఒంటరిగా ఉంటుంది.

ఏజెన్సీ పిల్లల కష్టం ఇంకొంచెం ఎక్కువ. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో పాడేరు, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. పెద్ద ఆసుపత్రులు, థెరపీ కేంద్రాలు మాత్రం నగరంలోనే ఉండిపోయాయి. ఘాట్ రోడ్డు దిగి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, కూలి పోగొట్టుకుని, డాక్టరు అడిగేది తెలుగులో అర్థం కాక కువిలో తమలో తాము మాట్లాడుకునే తల్లిదండ్రులకు రెండోసారి రావాలంటే గుండె కావాలి.

ఇక తరగతి గదిలోకి వెళ్దాం. ఆరోగ్యశ్రీ పుణ్యాన మన రాష్ట్రంలో పేద ఇళ్ల పిల్లలకు కూడా చెవి లోపల వినికిడి పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లు జరిగాయి. చెవిటితనంతో పుట్టిన బిడ్డ అమ్మ గొంతు వినడం చిన్న సంగతి కాదు. కానీ ఆ పరికరం చేసేది శబ్దాన్ని అందించడం వరకే. ఆ శబ్దం మాటగా మారడానికి ఏళ్ల తరబడి సాధన కావాలి, తరగతిలో నిశ్శబ్దం కావాలి. జాతీయ రహదారి పక్కనున్న బడిలో, కిటికీలు తెరిచి, నాలుగు ఫ్యాన్లు తిరుగుతుండగా, నలభై మంది ఒకేసారి ఎక్కాలు వల్లె వేస్తుంటే ఆ పరికరానికి అన్నీ కలగలిసిన హోరు చేరుతుంది. టీచరు బోర్డు వైపు తిరిగి రాస్తూ చెప్పే మాటలు సగానికి సగం పోతాయి. దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. పాపను ముందు వరుసలో, రోడ్డుకు దూరంగా ఉన్న గోడ వైపు కూర్చోబెట్టాలి. రాయడం ఆపి, ఇటు తిరిగి మాట్లాడాలి. కొత్త మాట వస్తే బోర్డు మీద రాసి చూపాలి. పక్కన కూర్చునే పిల్లకు నోట్సు చూపించే బాధ్యత ఇవ్వాలి. ఎవరైనా ఒకసారి కూర్చుని చెబితే ఏ టీచరైనా చేస్తారు. ఆ చెప్పే మనిషి లేకపోవడమే అసలు లోటు.

సైగల భాష మీద ఆధారపడే పిల్లల సంగతి వేరు. ఢిల్లీలోని భారతీయ సైగల భాషా పరిశోధన కేంద్రం 2015లో ఏర్పడింది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలను సైగల భాషలోకి తేవడానికి 2020లో ఒప్పందం కుదిరింది. అవి వీడియోలుగా వస్తాయి, కానీ మన రాష్ట్రంలో చెప్పే పాఠాలన్నీ ఆ పుస్తకాలవి కావు. పైగా వీడియో చూపించాక పిల్ల చేతులతో అడిగే ప్రశ్న అర్థమయ్యేవాళ్లు బడిలో ఒక్కరైనా ఉండాలి. బధిర పిల్లలు చాలామంది మామూలు బడి కంటే ప్రత్యేక పాఠశాలనే కోరుకోవడానికి కారణం ఇదే, అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. తమ భాష మాట్లాడే మనుషుల మధ్య ఉండాలనుకోవడం ఎవరికైనా సహజం. సహిత విద్య పేరుతో ఆ ఆసరాను తీసేసి, సైగ తెలియని బడిలో వాళ్లను ఒంటరిగా కూర్చోబెడితే అది అన్యాయమే అవుతుంది.

చూపు లేని పిల్లలకు తెలుగులో ఒక ప్రత్యేకమైన అడ్డంకి ఉంది, దాని గురించి బయట పెద్దగా మాట్లాడరు. ఇప్పుడు ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ తెరమీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లున్నాయి. ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది, తెలుగు కూడా చదువుతుంది. కానీ అది చదవాలంటే అక్షరాలు అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే ఉమ్మడి సంకేతమైన యూనికోడ్‌లో ఉండాలి. మన అచ్చు ప్రపంచం దశాబ్దాలుగా అను ఫాంట్ల మీద నడుస్తోంది. ఆ ఫాంట్లలో కూర్చిన పీడీఎఫ్‌ను కంటితో చూస్తే చక్కని తెలుగు, సాఫ్ట్‌వేర్ చెవికి మాత్రం అర్థం లేని గుర్తుల వరస. ఇక స్కాను చేసి పెట్టిన పుస్తకమైతే దానికి ఒట్టి బొమ్మ. కాబట్టి ఇంటర్నెట్‌లో వేల తెలుగు పుస్తకాలు, గైడ్లు, ప్రశ్నపత్రాలు ఉన్నా చూపు లేని విద్యార్థికి చాలావరకు తలుపులు మూసే ఉంటాయి. పాఠ్యపుస్తకాలు, మోడల్ పేపర్లు, నోటిఫికేషన్లు అన్నీ యూనికోడ్‌లోనే విడుదల చేయాలని ఒక్క ఉత్తర్వు ఇచ్చి, దాన్ని కచ్చితంగా అమలు చేస్తే లక్షలు పోసి కొనే పరికరాల కంటే ఎక్కువ మేలు జరుగుతుంది. ఇంత చవకైన పని ఇంతకాలం ఆగి ఉండటం బాధాకరం.

మేధో వైకల్యం ఉన్న పిల్లల విషయంలో బడి తడబడేది సిలబసు దగ్గర. ఐదో తరగతి గదిలో కూర్చున్న పిల్లవాడు రెండో తరగతి లెక్క నేర్చుకుంటూ ఉండవచ్చు. డబ్బులు లెక్కపెట్టడం, బస్సు నంబరు గుర్తుపట్టడం, తన పేరు, ఇంటి చిరునామా చెప్పడం అతనికి ఆ ఏటి లక్ష్యాలు కావచ్చు. దాన్ని వ్యక్తిగత విద్యా ప్రణాళిక అంటారు. అతను ఇప్పుడు ఎక్కడున్నాడు, మూడు నెలల్లో ఎక్కడికి చేరాలి, ఎవరు ఏం చేస్తారు అన్నది ఒక పేజీలో రాసుకోవడం. మన బడుల్లో ఈ పేజీ రాస్తే, వైకల్యం ఉన్న పిల్లల కోసమే నడిచే భవిత కేంద్రంలో రాస్తారు. తరగతి టీచరు దాన్ని చూడటం అరుదు.

భవిత కేంద్రాల గురించి కాస్త నిదానంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే తెలుగు రాష్ట్రాల్లో సహిత విద్యకు ఉన్న వెన్నెముక అవే. బడి చదువుల పథకమైన సమగ్ర శిక్ష కింద మండలానికొకటి చొప్పున బడి ఆవరణల్లో నడుస్తాయి. ఐఈఆర్పీలు అని పిలిచే ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లు మండలానికి ఒకరిద్దరు ఉంటారు. కేంద్రానికి వచ్చే పిల్లలకు నేర్పడం, ఫిజియోథెరపీ రోజున తల్లులను పిలిపించడం, మంచానికే పరిమితమైన పిల్లల ఇళ్లకు వెళ్లడం, పరికరాల క్యాంపుకు జాబితాలు తయారుచేయడం, ఇంటింటి సర్వే, ఆన్‌లైన్‌లో వివరాలు ఎక్కించడం, సదరం క్యాంపులకు తోడు వెళ్లడం అంతా వీళ్ల నెత్తినే. ఎక్కువమంది ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే పనిచేశారు. చాలా తల్లులకు తమ బిడ్డ గురించి నవ్వుతూ మాట్లాడిన మొదటి టీచరు వీళ్లే. ఆ శ్రమను ఎంత మెచ్చుకున్నా తక్కువే. అయితే ఏర్పాటులోనే ఒక లోపం ఉంది. కేంద్రం బడి ఆవరణలో ఉన్నా బడి పనికి బయటే ఉంటుంది. వైకల్యం ఉన్న పిల్లవాడు కనబడగానే ‘వీడు భవిత పిల్లవాడు’ అని తరగతి టీచరు చేతులు దులుపుకునే వీలు అది కల్పిస్తుంది. ప్రత్యేక టీచరు వారంలో కొన్ని పీరియడ్లు తరగతి గదిలోనే, తరగతి టీచరు పక్కనే పనిచేస్తే నలభై మంది పిల్లల్లో నెమ్మదిగా నేర్చుకునే మిగతా ఏడెనిమిది మందికీ ఆ మేలు అందుతుంది.

అలా చేయాలంటే మనుషులు కావాలి. రజనీశ్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇక్కడ కీలకం. ప్రాథమిక స్థాయిలో ప్రతి 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక టీచరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని కోర్టు చెప్పింది. రాష్ట్రాలు కదలకపోవడంతో 2025 మార్చిలో మళ్లీ గడువులు పెట్టి పోస్టులు మంజూరు చేయమంది. ఆంధ్రప్రదేశ్ ఆ తర్వాత 2,260 ప్రత్యేక విద్య టీచర్ పోస్టులు మంజూరు చేసింది. ఇది నిజంగా పెద్ద అడుగు. కాకపోతే రాష్ట్రంలో సర్కారు బడులు వేలల్లో ఉన్నాయి కాబట్టి ఒక్కో టీచరు కొన్ని బడులు చుట్టిరాక తప్పదు. ఆ టీచరు ఏ రోజు ఏ బడిలో ఉంటారో టైమ్‌టేబుల్లో రాసి గోడకు అంటించాలి. లేదంటే ఈ కొత్త పోస్టులు కూడా సర్వేలకీ రిపోర్టులకీ కరిగిపోతాయి.

విశాఖలో భౌగోళికం కూడా ఒక ప్రత్యర్థి. కొండవాలు బస్తీల్లో ఇంటికి వెళ్లాలంటే మెట్లే దారి. వైకల్యం ఉన్నవారికి పరికరాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలింకో క్యాంపులో ఇచ్చిన వీల్‌చైర్ కొండ కింద ఎవరి ఇంటి పంచలోనో ఉంటుంది, పిల్లవాడు అమ్మ చంకలో దిగుతాడు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా తల్లి మోస్తుంది. ఆ తర్వాత పిల్లవాడి బరువు పెరుగుతుంది, తల్లి నడుము ఒప్పుకోదు, చదువు అక్కడితో ఆగుతుంది. దీన్ని లెక్కల్లో ‘డ్రాపవుట్’ అని రాస్తారు. 2022లో జీవో 117 కింద చాలాచోట్ల 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపున్న హైస్కూళ్లకు మార్చినప్పుడు మిగతా పిల్లలకు అది పావుగంట నడక. కాలిపర్స్ వేసుకుని నడిచే పాపకు రోడ్డు దాటడం, పెద్ద పిల్లల గుంపులో తోపులాట, కొత్త బడిలో ఎక్కడుందో తెలియని టాయిలెట్. తర్వాత ఆ జీవోను రద్దు చేశారు. ఆ మధ్య కాలంలో ఆగిపోయిన చదువులు వాటంతట అవి తిరిగి మొదలవ్వవు.

నాడు-నేడు పనుల్లోనూ, నగరపాలక సంస్థ (జీవీఎంసీ) బడుల ఆధునికీకరణలోనూ ర్యాంపులు, ప్రత్యేక మరుగుదొడ్లు వచ్చాయి. మంచి మార్పే. కానీ ర్యాంపు చివర గుమ్మానికి రెండంగుళాల గట్టు ఉన్నా, టాయిలెట్‌కు తాళం వేసి ఉన్నా కట్టిన ఖర్చు వృథా. ఆడపిల్లల విషయంలో ఈ తాళం చెవి ఎవరి దగ్గరుందన్న ప్రశ్న మీదే హైస్కూలు చదువు ఆధారపడి ఉంటుంది. సమగ్ర శిక్షలో రవాణా భత్యం, తోడు వచ్చేవారికి భత్యం, ఆడపిల్లలకు నెలకు రూ.200 స్టైపెండు ఉన్నాయి. కొండమీది మెట్లు దింపి, ఆటో ఎక్కించి, సాయంత్రం మళ్లీ ఎక్కించడానికి కూలి పని మానుకునే తల్లికి ఆ రూ.200 ఏ మూలకీ రాదు. ఒక బస్తీ నుంచి వచ్చే నలుగురైదుగురు పిల్లలకు కలిపి ఒక ఆటో, ఒక ఆయాను నేరుగా బడి ద్వారా ఏర్పాటు చేస్తే డబ్బు సరైన చోట పడుతుంది.

నగరంలో సగటు మధ్యతరగతి కుటుంబం ప్రైవేటు బడి వైపే చూస్తుంది కాబట్టి అక్కడి సంగతీ చెప్పుకోవాలి. ఆటిజం ఉన్న పిల్లవాడిని తీసుకెళితే ‘మా దగ్గర స్పెషల్ టీచర్ లేరండీ, మీ బాబుకే ఇబ్బంది’ అని మర్యాదగా పంపేస్తారు. 2016 చట్టంలోని 16వ సెక్షను ప్రభుత్వ నిధులతో నడిచే బడులతో పాటు ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులకూ వర్తిస్తుంది, వివక్ష లేకుండా చేర్చుకోవాలంటుంది. చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే రూ.10,000 వరకు, ఆపైన రూ.50,000 నుంచి రూ.5 లక్షల వరకు జరిమానా ఉంది. రాష్ట్ర కమిషనరుకు ఫిర్యాదు చేయవచ్చు. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో ఇచ్చే 25 శాతం ఉచిత సీట్లలో మన రాష్ట్రంలో 5 శాతం అనాథలకు, హెచ్ఐవీ బాధిత కుటుంబాల పిల్లలకు, దివ్యాంగులకు కేటాయించారు. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు తక్కువ, తెలిసినా గొడవ పెట్టుకుని చేర్చిన బడిలో బిడ్డను ఎలా చూస్తారో అన్న భయం ఎక్కువ. ఆ భయం న్యాయమైనదే. అందుకే ఫిర్యాదు వచ్చేదాకా ఆగకుండా, గుర్తింపు రెన్యువల్ సమయంలోనే విద్యాశాఖ ఈ బడులను ‘వైకల్యం ఉన్న పిల్లలు ఎందరు, ఏ తరగతిలో’ అని అడగాలి.

పేద దేశానికి ఇదంతా మోయలేని ఖర్చు అనే వాదన ఒకటుంది. ప్రతి బడిలో థెరపీ గది కట్టాలంటే నిజమే. కానీ పైన చెప్పినవాటిలో సగానికి పైగా కూర్చునే చోటు, చెప్పే తీరు, అచ్చు ఫాంటు, తాళం చెవి, టైమ్‌టేబుల్ లాంటివి. ఖర్చయ్యే పనులకు నగరంలో నైపుణ్యం సిద్ధంగా ఉంది. ప్రత్యేక పాఠశాలల్లో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్నవారి అనుభవం మామూలు బడి టీచర్లకు ఎప్పుడూ చేరలేదు. చుట్టుపక్కల బడుల టీచర్లు నెలకోసారి కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒక పూట వాళ్లను పిలిచి, మీ తరగతిలో ఉన్న ఈ పిల్లవాడితో ఏం చేయాలి అని పేరుపేరునా మాట్లాడుకోవచ్చు. పది రోజుల ఆన్‌లైన్ శిక్షణ చేయలేని పని అది చేస్తుంది.

పై చదువుల్లో ఏం జరుగుతుందో చెప్పడానికి మచిలీపట్నం దగ్గర పుట్టిన శ్రీకాంత్ బొల్లా ఉదంతం ఒక్కటి చాలు. చూపు లేదన్న కారణంతో పదో తరగతి తర్వాత సైన్సు తీసుకోనివ్వలేదు. ఆయన కోర్టుకెళ్లి అనుమతి తెచ్చుకున్నారు, ఇంటర్‌లో 98 శాతం మార్కులు సాధించారు, అమెరికాలోని ఎంఐటీలో చదివారు. అడ్డం పడింది నిబంధన, ఆయన తెలివి ఎప్పుడూ అడ్డం కాలేదు. కోర్టుకెళ్లలేక సైన్సు వదులుకున్న పిల్లలెందరో ఎవరూ లెక్కపెట్టలేదు. పరీక్షల దగ్గరా ఇదే తీరు నడిచింది. రాయడానికి సహాయకుడు, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఉన్నా 40 శాతం గీత దాటనివారికి చాలాకాలం అవి అందలేదు. వికాస్ కుమార్ కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ గీతను తోసిపుచ్చింది. అవసరం ఉన్నవారికి శాతంతో సంబంధం లేకుండా వెసులుబాటు ఇవ్వాలంది. మన బడుల్లో ఈ తీర్పు సంగతి తెలిసిన ప్రధానోపాధ్యాయులు ఉన్నచోట పిల్లవాడికి పదో తరగతిలో సహాయకుడు దొరికే అవకాశం ఉంది. తెలియనిచోట దరఖాస్తు గడువు కూడా తెలియకుండానే దాటిపోతుంది.

తల్లిదండ్రుల చేతిలో పెద్దగా వాడని ఒక అధికారం ఉంది. విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో బలహీన, అణగారిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. 2012 సవరణతో వైకల్యం ఉన్న పిల్లలు ఆ వర్గంలోకి వచ్చారు కాబట్టి వాళ్ల అమ్మానాన్నలకు కమిటీలో చోటు అడిగే హక్కు ఉంది. అదే చట్టంలోని 22వ సెక్షను కింద ప్రతి బడికీ అభివృద్ధి ప్రణాళిక రాసేది ఈ కమిటీయే. గుమ్మం దగ్గరి గట్టు తీయించడం, ఆయా జీతం, పిల్లల ఆటో, ప్రత్యేక టీచరు వచ్చే రోజులు ఆ ప్రణాళికలో రాయించవచ్చు. రాసిన ప్రణాళిక మీద ఎంఈవోను, జీవీఎంసీ జోనల్ కార్యాలయాన్ని నిలదీయవచ్చు. నోటిమాటగా అడిగితే దొరకని జవాబు తీర్మానం కాపీ చేతిలో ఉంటే దొరుకుతుంది.